శుక్రవారం వస్తుందన్న మందు

సత్యవాణిని కుక్క కరిచింది ఒక మంగళవారం పొద్దున్న. అప్పటికి వాన వెలిసి గంట కాలేదు. కలకత్తాకి రెండుమూడు గంటల దూరాన ఉన్న రైల్వే ఊళ్ళో, న్యూ సెటిల్‌మెంట్‌లోని తెలుగు ప్రాథమిక బడిలో ఆమె మధ్యాహ్న భోజనం వండుతుంది. ఏడున్నరకల్లా పొయ్యి వెలగాలని గబగబా నడుస్తోంది. జ్ఞానప్రకాశం గారి గేటు పక్కన పడుకున్న నల్లకుక్క లేచి, మొరగకుండా, గుర్రుమనకుండా వచ్చి ఆమె కుడిచేతిని కరుచుకుంది. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య కండలో పళ్ళు దిగాయి. విదిలించినా వదల్లేదు. గొడుగుతో మూడు దెబ్బలు కొట్టాక వదిలి, ఏమీ జరగనట్టు కాలవగట్టు వైపు వెళ్ళిపోయింది.

ఆ కుక్క పేరు కాలు. నల్లగా ఉంటుందని బెంగాలీ పిల్లలు అలా పిలిచేవారు, అదే స్థిరపడింది. నాలుగేళ్ళుగా ఆ వీధిలోనే ఉంటోంది. బడిలో మిగిలిన అన్నం సత్యవాణి దానికి ఎన్నిసార్లు పెట్టిందో లెక్కలేదు. "కాలు చెయ్యి కరిసింది" అని సాయంత్రానికి వీధిలో తెలుగువాళ్ళంతా చెప్పుకుని నవ్వుకున్నారు. మొదట్లో సత్యవాణి కూడా నవ్వింది.

అరుపు విని జ్ఞానప్రకాశం బయటికొచ్చాడు. ఆయన గూడ్సు రైళ్ళ మీద గార్డుగా చేసి రిటైరైనవాడు, డెబ్బై నాలుగేళ్ళుంటాయి. వీధి మొత్తానికి గార్డు బాబు. సత్యవాణి అత్త నూకాలమ్మ ఆయన్ని ముప్పై ఏళ్ళుగా అన్నయ్యా అనే పిలుస్తుంది. ఆయన వేరే జిల్లా నుంచి వచ్చిన క్రైస్తవుడనీ, తాము శ్రీకాకుళం నుంచి వచ్చినవాళ్ళమనీ ఆమె ఎప్పుడూ అనుకోలేదు. ఆ వరసలోనే సత్యవాణికి ఆయన బాబాయి అయ్యాడు.

ఆయన బట్టల సబ్బు తెచ్చి, కుళాయి కింద ఆమె చెయ్యి పట్టి, పావుగంటసేపు కడిగించాడు.

"రెండు రోజులై అది తిండి ముట్టుకోడం నేదమ్మా. ఒంట్లో బాగోక సిరాకు పడతన్నాది. కావాలని కరిసే కుక్క కాదు."

"నాకు తెల్దేటి బాబాయీ. కానీ సెయ్యి మండిపోతన్నాది."

భర్త ఉమాశంకర్ అప్పటికే విద్యాసాగర్ ఇండస్ట్రియల్ పార్కులో పొద్దుటి షిఫ్టుకు వెళ్ళిపోయాడు. మామగారైన దేముడు రైల్వే వర్క్‌షాపులో పనిచేసి చనిపోయాడు గనక రైల్వే వైద్యం అత్తగారితోనే ఆగిపోయింది, కోడలికి వర్తించదు. అందుకని జ్ఞానప్రకాశమే ఆమెను రిక్షా ఎక్కించుకుని సర్కారు ఆసుపత్రికి తీసుకెళ్ళాడు.

కిటికీ దగ్గర కాంపౌండరు తల ఎత్తకుండానే చెప్పాడు. "స్టాక్ నేయీ దీదీ. శుక్రవార్ ఆస్‌బే."

మందు లేదు, శుక్రవారం వస్తుంది.

డాక్టరు చిన్న వయసు బెంగాలీ అమ్మాయి. గాయాన్ని తిప్పి చూసింది. వేళ్ళలో నరాలు ఎక్కువ, ఇంత లోతు గాయానికి టీకా ఒక్కటే చాలదు, గాయం చుట్టూ వేసే సీరం కూడా పడాలి, అదైతే రెండు నెలలుగా రావడం లేదు అని హిందీలో చెప్పింది. బయట మందుల షాపుల్లో వెతకమంది. తర్వాత కుక్క గురించి అడిగింది. వీధి కుక్కే, తెలిసిన కుక్కే అని చెప్పారు.

"అయితే దాన్ని పది రోజులు కనిపెట్టి ఉండండి. పది రోజుల తర్వాత కూడా బతికి, మామూలుగా ఉంటే మీకు భయం లేదు. తిండి తింటోందా?"

"రెండు రోజులుగా తినటం లేదు," అన్నాడు జ్ఞానప్రకాశం.

డాక్టరు రాస్తున్న కలం ఆగింది. మళ్ళీ రాసింది. ఆ ఆగడం సత్యవాణి చూసింది. అక్కడ మొదలైంది ఆమె భయం.

బుధవారానికి కాలు కనపడకుండా పోయింది. పొద్దున్నా సాయంత్రమూ వరండా మెట్టు మీద జ్ఞానప్రకాశం పెట్టే అన్నం కాకులు తిన్నాయి. ఉమాశంకర్ షిఫ్టు దిగి గోల్‌బజారులో ఉన్న మందుల షాపులన్నీ తిరిగాడు. కంపెనీ నుంచే రావడం లేదన్నారు. బండేసుకుని మేదినీపూర్ వెళ్ళాడు. అక్కడా అదే మాట. ముందు మొదలుపెట్టినవాళ్ళకి మిగతా డోసులు ఇవ్వడానికే చాలడం లేదు, కొత్తవాళ్ళు ఆగాలి అన్నారు. సంధ్యవేళ ఇంటికొచ్చి హెల్మెట్ తీయకుండానే గడప మీద కూర్చున్నాడు.

"దొరకనేదు," అన్నాడు.

"శుక్రవారం వస్తాదన్నారు గదా," అంది సత్యవాణి. భర్త ముఖం చూసి ఆమే ధైర్యం చెప్పింది.

ఇంట్లో ఇంకొక మార్పు వచ్చింది. పెళ్ళయిన పన్నెండేళ్ళలో నూకాలమ్మ కోడలితో నెమ్మదిగా మాట్లాడిన రోజులు తక్కువ. కూరలో ఉప్పు దగ్గర్నుంచి చీర ఆరేసిన తీరు దాకా ఏదో ఒక మాట అంటూనే ఉండేది. అలాంటి మనిషి కరిచిన రోజు సాయంత్రం నుంచి ఒక్క మాట అనలేదు. చేట చేతిలోంచి లాక్కుని, "నువ్వు కూకోయే, నాను సేస్తాను," అంది. గురువారం తలంటి పోసింది. సత్యవాణికి ఇష్టమని కందిపొడి కొట్టింది. అన్నం కలిపి ముద్దలు చేసి నోటికి అందించింది, కుడిచెయ్యి కట్టులో ఉందని.

ఆ ముద్దలు సత్యవాణి గొంతు దిగలేదు. అత్తగారి తిట్లకు ఆమె అలవాటు పడింది. ఈ మంచితనం ఆమెను భయపెట్టింది. తనకు తెలియనిదేదో ఈవిడకు తెలుసు అనిపించింది.

ఉమాశంకర్ ఇంకా నిద్రలో ఉండగానే, తెల్లవారకముందే లేచి, అతని ఫోను తీసుకుని పిచ్చికుక్క కాటు గురించి వెతికేది. ఒక వీడియోలో ఎవరో మనిషి గ్లాసు నీళ్ళు చూసి మెడ వెనక్కి విరుచుకుంటున్నాడు. సగం చూసి ఆపేసింది. మళ్ళీ పెట్టి మిగతా సగం చూసింది. ఆ రోజు నుంచి మంచం దిగగానే వంటింట్లోకి వెళ్ళి గ్లాసుడు నీళ్ళు తాగడం మొదలుపెట్టింది. గుటక పడితే ఆ పూటకు బతికినట్టు. గంట తిరక్కుండానే మళ్ళీ తాగాలనిపించేది. దాహం లేకపోయినా తాగేది. అప్పుడప్పుడు మింగడం మీదే ధ్యాస ఎక్కువై గొంతు పట్టేసినట్టయ్యేది. ఇక అంతే, గోడ పట్టుకుని నిలబడేది.

ఎవరో ఊపిరి నెమ్మదిగా లెక్కపెట్టమన్నారు. లెక్కపెట్టింది. ఏరిన బియ్యమే మళ్ళీ ఏరింది. కూతురు ఝాన్సీ జడలు విప్పి మళ్ళీ అల్లింది. ఎనిమిదేళ్ళ పిల్ల, విసుక్కుని చెయ్యి తోసేస్తే కట్టు మీద తగిలింది. "నన్ను ముట్టుకోకు," అని సత్యవాణి అరిచింది. ఆ పిల్ల బిత్తరపోయి నాయనమ్మ వెనక్కి వెళ్ళింది. అప్పట్నుంచి సత్యవాణి కంచం, గ్లాసు వేరు చేసుకుంది. మనిషి నుంచి మనిషికి అలా రాదని డాక్టరు చెప్పింది. చెప్పినా సరే, పక్క కూడా వేరు చేసుకుంది.

బడి హెడ్‌మిస్ట్రెస్ ఏంజెలా టీచరు గురువారం సాయంత్రం ఇంటికి వచ్చింది. యాపిల్స్ తెచ్చింది. చాలాసేపు మాట్లాడి, లేవబోతూ, "ఇంజక్సన్లు అయ్యేదాకా నువ్వు రెస్ట్ తీసుకో సత్యా. కొందరు పిల్లల తల్లులు అడుగుతున్నారు. నాకేం భయం లేదు, వాళ్ళకే," అంది.

"అలాగే టీచర్," అంది సత్యవాణి.

శుక్రవారం ఆసుపత్రి ముందు తెల్లవారేసరికే వరస ఉంది. సాలువా వైపు పల్లెల నుంచి కూడా జనం వచ్చారు. సత్యవాణి కోసం జ్ఞానప్రకాశం ఐదింటికే వెళ్ళి నిలబడ్డాడు. మందు నిజంగానే వచ్చింది, కానీ కొంచెమే వచ్చింది. ముందు పిల్లలకు అన్నారు. ఒక సంతాలీ గిరిజన తల్లి రెండేళ్ళ పిల్లవాణ్ణి ఎత్తుకుని ముందుకు నడిచింది. వాడి బుగ్గ మీద గుడ్డ, గుడ్డ మీద నెత్తురు. వరస పక్కకు జరిగి దారిచ్చింది. సత్యవాణికి ముందు ఇంకా తొమ్మిది మంది ఉండగా కిటికీ మూసేశారు.

"సోమవారమో మంగళవారమో," అన్నాడు కాంపౌండరు.

ఆమె అక్కడే మెట్ల మీద కూర్చుండిపోయింది. ఏడవలేదు. "నాకు రాదు బాబాయీ. ఎప్పటికీ రాదు," అని మాత్రం అంది.

జ్ఞానప్రకాశం ఆమెను లేపి ఇంటికి తీసుకొచ్చాడు. మర్నాడు మొదటి లోకల్‌కి హౌరా బయలుదేరాడు. ఆ సంగతి ఆయన భార్య సూసన్న వచ్చి చెప్పేదాకా వీళ్ళకు తెలీదు. కలకత్తాలో ఎక్కడెక్కడ తిరిగాడో ఆయన ఎప్పుడూ వివరంగా చెప్పలేదు. పొద్దువాలే వేళకి ఫ్లాస్కు ఒళ్ళో పెట్టుకుని రిక్షాలో నేరుగా సత్యవాణి ఇంటికి వచ్చాడు. చొక్కా చెమటకి అంటుకుపోయి ఉంది.

"ఒక్కటే ఇచ్చినాడమ్మా. ఇంకొకటి అడిగితే నేదన్నాడు. పద, డాట్రు ఎలిపోకముందే పద."

డాక్టరు ఫ్లాస్కు మూత తీసి చూసింది. ఐసు కరిగిపోయి నీళ్ళయ్యాయి. వేలు పెట్టి చూసింది. నీళ్ళు చల్లగా లేవు. సీసా తేలుతోంది.

"ఎంతసేపయింది?"

వచ్చేటప్పుడు రైలు సాంత్రాగాచీ స్టేషను దాటాక గంటన్నర ఆగిపోయిందని జ్ఞానప్రకాశం చెప్పాడు. ఆయన రైలు మీద ముప్పై ఆరేళ్ళు పనిచేసినవాడు. ఆ గంటన్నర తన తప్పే అయినట్టు చెప్పాడు.

డాక్టరు సీసా పైకి తీసి తుడిచింది. "వెయ్యడం వల్ల నష్టం లేదు, వేస్తాను. పనిచేస్తే మంచిదే. కానీ నేను దీన్ని లెక్కలో పెట్టుకోలేను. మా స్టాక్ రాగానే మళ్ళీ మొదటి నుంచి వెయ్యాల్సిందే."

మందు వేసుకుని బయటికొచ్చాక సత్యవాణి, "బాబాయీ, మీరు తిన్నారా పొద్దుట్నుంచీ?" అని అడిగింది. ఆయన నవ్వాడు. తినలేదని ఆ నవ్వులోనే తెలిసింది.

ఆదివారం మధ్యాహ్నం సాలువా రోడ్డు వైపు నుంచి కబురొచ్చింది. అక్కడొక పల్లెలో మేకల మీద పడ్డ కుక్కను నాలుగు రోజుల కిందట కర్రలతో కొట్టి చంపేశారట. నల్ల కుక్క. ఉమాశంకర్, జ్ఞానప్రకాశం బండి మీద వెళ్ళారు. సత్యవాణి గుమ్మంలో నిలబడి రోడ్డు చూస్తూనే ఉంది. గంటన్నరకు తిరిగొచ్చారు.

"మన కాలు కాదమ్మా," అన్నాడు జ్ఞానప్రకాశం. "అది పెద్దది. తోక కూడా వేరే."

ఉమాశంకర్ బండి స్టాండు వేస్తూ తల దించుకుని ఉన్నాడు. సాయంత్రం సత్యవాణి ఏదో పని ఉన్నట్టు జ్ఞానప్రకాశం గారి ఇంటి ముందునుంచి నడిచింది. వరండా మెట్టు కడిగి ఆరబెట్టి ఉంది. దాని మీద అన్నం లేదు. ఆమె ఇంటికి తిరిగొచ్చి నూకాలమ్మతో, "కుక్క దొరికింది," అంది. నూకాలమ్మ చేతిలోని చేట కింద పెట్టింది.

మంగళవారం ఆసుపత్రికి మందు వచ్చింది. కరిచిన వారానికి సత్యవాణికి లెక్కలోకి వచ్చే మొదటి డోసు పడింది. సీరం మాత్రం రానేలేదు. ఉమాశంకర్ దాని కోసం ఫోన్లు చేస్తూనే ఉన్నాడు. ఒకరు ఒడిశా పొమ్మన్నారు, ఒకరు వారం ఆగమన్నారు. చివరికి డాక్టరే, "ఇంక వద్దు, దాని గడువు దాటిపోయింది, ఇప్పుడు వేసినా ఉపయోగం లేదు," అని చెప్పింది. మిగతా డోసులు చెప్పిన తేదీలకే పడ్డాయి. ఆఖరిది వేయించుకున్న రోజు సత్యవాణి అడిగింది.

"ఇప్పుడు నాకేమీ కాదా మేడమ్?"

"చాలావరకు కాదు."

"ఎన్నాళ్ళు చూడాలి?"

"మామూలుగా మూడు నెలల లోపు తెలుస్తుంది. అరుదుగా ఏడాది కూడా పడుతుంది. మీరు దాని గురించి ఆలోచించడం మానెయ్యండి."

మానేయడం ఎలాగో ఆమె చెప్పలేదు. ఆమెకు తెలిసి ఉండదు కూడా.

దుర్గాపూజల రోజులు వచ్చాయి. వీధి చివర పందిరి వేశారు, ఢాక్ డోలు మోగింది. సత్యవాణి కొత్త చీర కట్టుకుని ఝాన్సీని తీసుకుని వెళ్ళింది. ఒకామె చరణామృతం చేతిలో పోస్తుంటే జనమంతా చూస్తుండగా ఆ మూడు చుక్కలు మింగలేక నిలబడిపోయింది. తర్వాత మింగింది. ఇంటికి వస్తుంటే ఒళ్ళంతా చెమటలు. కార్తీకం రాగానే గాయం మానిన చోట తిమ్మిరి మొదలైంది. ఆసుపత్రికి పరుగెత్తింది. నరం దెబ్బతిన్నప్పుడు అలాగే ఉంటుందన్నారు. ఆ మాట మూడు రోజులు పనిచేసింది.

బడిలో ఆమె స్థానంలో వేరే ఆమె వండుతోంది. ఏంజెలా టీచరు కనపడినప్పుడల్లా, "కొంచెం ఆగు సత్యా," అంటోంది.

ఈ రెండున్నర నెలల్లో ఆమెతో విసుక్కోకుండా మాట్లాడింది జ్ఞానప్రకాశం ఒక్కడే. ఉమాశంకర్ మంచివాడే, కానీ అలిసిపోయాడు. "డాట్రు సెప్పింది గదా, ఇంకేటి నీ బాద?" అని ఒకసారి గట్టిగా అనేశాడు. గార్డు బాబు అలా అనలేదు. సాయంత్రం ఆమె వెళ్ళి వాళ్ళ వరండాలో కూర్చుంటే, సూసన్న టీ ఇచ్చేది, ఆయన ఏ బండి ఏ స్టేషన్లో ఎన్ని గంటలు ఆగిందో పాత సంగతులు చెప్పేవాడు. "బండిని పక్కకి తీసి లూప్ లైన్లో పెడితే గార్డు సేసేదేటీ నేదమ్మా. సిగ్నల్ వచ్చేదాకా కూకోడమే. భయపడ్డా రాదు, తిట్టినా రాదు." అది విన్నంతసేపు సత్యవాణి గొంతు మామూలుగా ఉండేది.

నవంబరు రెండో వారంలో ఆయనకు జ్వరం వచ్చింది. చలిగాలికి అనుకున్నారు. కుడి ముంజేయి లాగుతోందని సూసన్నతో నూనె రాయించుకున్నాడు. మూడో రోజు పొద్దున్న నూకాలమ్మ గంజి కాచి పట్టుకెళ్ళింది. ఆయన మంచం మీద కూర్చుని ఉన్నాడు. పెదాల పక్కన చొంగ కారుతుంటే నూకాలమ్మ చీర కొంగుతో తుడిచింది. గిన్నె నోటి దగ్గర పెట్టింది. ఆయన తాగుదామనే వంగాడు. గంజి పెదవికి తగిలీ తగలకముందే గొంతు నరాలు ఉబ్బి, మెడ వెనక్కి లాగేసి, గిన్నె దూరంగా తోసేశాడు. తర్వాత సిగ్గుపడి, "ఏటో మింగుడు పడటం నేదు నూకాలూ," అన్నాడు. సూసన్న ఫ్యాను వేసింది. గాలి తగలగానే మళ్ళీ అలాగే అయింది.

నూకాలమ్మ ఇంటికొచ్చి నేరుగా కుళాయి దగ్గరికి వెళ్ళి, చీరతోనే నీళ్ళు పోసుకుంది. సత్యవాణి తువ్వాలు పట్టుకెళ్ళింది.

"ఏటైంది అత్తా?"

నూకాలమ్మ తడిబట్టలతోనే గట్టు మీద కూర్చుంది. "నాకు తొమ్మిదేళ్ళప్పుడు మా తమ్ముడికి కుక్క కరిసి ఇలాగే వచ్చింది. మా నాయిన ఆడ్ని నులకమంచానికి కట్టీసినాడు. దాహం, దాహం అని ఒకటే ఏడుపు, నీళ్ళిస్తే తాగనేడు. నానెవరికీ సెప్పనేదు, మీ మావకి కూడా. అన్నయ్యకి అదే వచ్చింది."

సత్యవాణి తువ్వాలు ఆమె భుజాల మీద కప్పింది.

"బాబాయిని కుక్క కరవనేదు గదా."

"తెల్దు. వచ్చింది."

ఆసుపత్రిలో చూసి అదేనన్నారు. కలకత్తా పెద్దాసుపత్రికి రాశారు, తీసుకెళ్ళినా చెయ్యగలిగింది లేదని కూడా చెప్పారు. సూసన్న తీసుకెళ్ళనంది. విడిగా ఒక చీకటి గదిలో పెట్టి మత్తు మందు ఇచ్చారు. మధ్యలో తెలివొచ్చినప్పుడు ఆయన అందరినీ పేరుపెట్టి పిలిచాడు. పాస్టరు గారు గుమ్మంలో నిలబడి ప్రార్థన చేశారు. సత్యవాణి వరండా దాకా వెళ్ళింది, తలుపు దాటలేకపోయింది. లోపల్నుంచి ఆయన దగ్గు వినిపించింది. అది దగ్గు కాదు. ఆమె చెవులు మూసుకుని బయటికొచ్చేసింది. మర్నాడు మధ్యాహ్నం ఆయన పోయాడు.

మట్టి చేసిన సాయంత్రం సూసన్న చెప్పింది. సత్యవాణిని కరవడానికి రెండు రోజుల ముందు, ఆదివారం చర్చి నుంచి వచ్చాక, కాలు దవడ వేలాడేసుకుని చొంగ కారుస్తుంటే గొంతులో ఎముక ఇరుక్కుందని ఆయన అనుకున్నాడట. దాని నోరు తెరిచి, వేళ్ళు లోపలికి పెట్టి వెతికాడట. ఏమీ దొరకలేదట. అప్పటికే ఆయన చేతి మీద గులాబీ ముల్లు గీసుకున్న గీతలున్నాయట.

"నిన్ను కరిసినాక నాను అడిగినాను సత్యా. మీరు కూడా ఏయించుకోండి అని. 'నన్ను కరవనేదు గదా, కరిసినోళ్ళకే నేకపోతే నాకెందుకు' అన్నారు. మరి అననేదు. నానూ మరి అడగనేదు."

సత్యవాణి ఆ మాటే పట్టుకుని ఆలోచించింది. ఆయనకు ఏమాత్రం అనుమానం ఉండి ఉంటుంది? హౌరా వెళ్ళిన రోజు, ఒక్కటే సీసా చేతిలో ఉన్నప్పుడు? సాలువా రోడ్డు పక్కన ఆ కుక్కను చూసి వచ్చి, కాదు అని అబద్ధం చెప్పినప్పుడు? ఆమెకు మాత్రమే చెప్పిన అబద్ధమా, తనకు తాను కూడా చెప్పుకున్నాడా? ఇప్పుడు అడగడానికి మనిషి లేడు.

ఇంకొకటి కూడా తేలిపోయింది. ఇన్నాళ్ళూ కుక్కకు పిచ్చి లేదేమో అన్న ఒక్క సందు ఉండేది. ఆ సందు మూసుకుపోయింది. పిచ్చికుక్కే కరిచింది. వారం ఆలస్యంగా మందు పడింది. సీరం పడలేదు.

మరుసటి రోజు పదింటికి వీధిలోకి తెల్ల వ్యాను వచ్చింది. ఇద్దరు నర్సులు, ఒక గుమాస్తా, ఐసు పెట్టెలు. చనిపోయిన మనిషిని ముట్టుకున్నవాళ్ళు, ఆయన ఎంగిలి తగిలినవాళ్ళు అందరూ వచ్చి మందు వేయించుకోవాలని మైకులో చెప్పారు. పెట్టెలో సీసాలు వరసగా పేర్చి ఉన్నాయి. అంత మందు సత్యవాణి ఎప్పుడూ చూడలేదు. సూసన్నకు వేశారు. పాస్టరు గారికి వేశారు. నూకాలమ్మ రవికె చెయ్యి పైకి మడిచి, కొంగుతో ఎక్కడ తుడిచిందో గుమాస్తాకి రాయించింది. ముట్టుకోనివాళ్ళు కూడా భయంతో వరసలో నిలబడ్డారు. ఎవరినీ లేదనలేదు.

సత్యవాణి కూడా వెళ్ళింది. నర్సు ఆమె కాగితాలు చూసి, "మీకు కోర్సు అయిపోయింది కదా," అంది.

"మళ్ళీ వెయ్యండి."

"అవసరం లేదు దీదీ."

"మీకేం పోయింది? అంత ఉంది గదా. వెయ్యండి."

నర్సు డాక్టరుకి ఫోన్ చేసి అడిగింది. తర్వాత వేసింది. సత్యవాణి జబ్బ మీద దూది అదుముకుని వ్యాను పక్కనే నిలబడింది, కళ్ళ వెంట నీళ్ళు కారుతుంటే. ఉమాశంకర్ వచ్చి భుజం మీద చెయ్యి వేస్తే తోసేసింది. "పూజలనాటికి వచ్చుంటే ఈ వ్యాను, మా బాబాయి కూడా లైన్లో నిలబడి ఉండును," అంది. అతను ఆమె కాగితాలు మడిచి జేబులో పెట్టుకున్నాడు.

క్రిస్మస్‌కి వీధిలో నక్షత్రాలు కట్టారు, సూసన్న ఇంటికి కట్టలేదు. ఒక సాయంత్రం సత్యవాణి వెళ్ళి ఆమె పక్కన కూర్చుంది. సూసన్న అడిగింది.

"ఆ రోజు ఆయన తెచ్చిన మందు. అది నీకు పనిసేసిందేటి సత్యా?"

ఐసు కరిగిన సంగతి ఆయన ఇంట్లో చెప్పినట్టు లేదు. డాక్టరు లెక్కలో పెట్టుకోలేదని కూడా చెప్పినట్టు లేదు.

"పనిసేసింది పిన్నీ. దానివల్లే ఉన్నాను," అంది సత్యవాణి.

సూసన్న తల ఊపింది. ఆ మాట నిజమో కాదో సత్యవాణికి తెలీదు. చెప్పగలిగినవాళ్ళు ఎవరూ లేరు.

ఇదంతా జరిగి ఏడాది దాటింది. సత్యవాణి బతికే ఉంది. డాక్టరు ఇక రావద్దంది, కాగితం మీద గీత గీసి పేరు పక్కన ఏదో రాసింది. ఆ రోజు ఉమాశంకర్ స్వీట్లు తెచ్చాడు. ఆమె ఒకటి తింది. తేలిగ్గా ఉంటుందనుకుంది, ఉండలేదు. బడిలో ఉద్యోగం తిరిగి రాలేదు, ఆమె కూడా అడగడం మానేసింది. నూకాలమ్మ మళ్ళీ తిట్టడం మొదలుపెట్టలేదు. ఆ ముసలామె ఇప్పుడు ఎక్కువ మాట్లాడడం లేదు, ఎవరితోనూ.

డాక్టరు గీత గీసిన రోజు సాయంత్రం సత్యవాణి తన కంచం, గ్లాసు తీసుకెళ్ళి మిగతావాటితో కలిపి పెట్టింది. చాప మీద కూర్చుని లెక్కలు చేసుకుంటున్న ఝాన్సీని పిలిచింది. "రాయే గుంటా, జడలు ఏస్తాను."

ఝాన్సీ వచ్చింది. తొమ్మిదేళ్ళు నిండాయి, పొడుగైంది. తల్లికి వీపు పెట్టి కూర్చుంది గానీ, జానెడు దూరంలో కూర్చుంది. జడ అందడానికి సత్యవాణే ముందుకు జరగాల్సి వచ్చింది. ఆమె జరిగితే పిల్ల కూడా, తనకు తెలియకుండానే, ఇంకొంచెం ముందుకు జరిగింది.

"నాయనమ్మ ఏస్తాది గదమ్మా రోజూ," అంది ఝాన్సీ, తిరగకుండా.

"ఔను," అంది సత్యవాణి. చేతిలోకి తీసుకున్న దువ్వెన పక్కన పెట్టేసింది.